మంటకు ముందు కనిపించే సూచనలు: కారణాలు, పరిష్కారాలు, ఫైర్ స్టేషన్ సాయం

ఇళ్లలో జరిగే అగ్నిప్రమాదాల్లో చాలావాటికి ముందుగా ఏదో ఒక సూచన కనిపిస్తుంది. వాసన రావడం, స్విచ్ బోర్డు వేడెక్కడం, కరెంటు పదే పదే పోవడం వంటివి గమనించి కూడా తర్వాత చూద్దాంలే అని వదిలేయడం వల్ల చిన్న లోపం ప్రాణాల మీదికి వస్తుంది. అగ్నిమాపక కేంద్రానికి మంట లేచాకనే ఫోన్ చేయాలనుకోవడం కూడా అటువంటి నిర్లక్ష్యమే. ఆ సిబ్బంది దగ్గర ముందుగా నేర్చుకోవలసిన పని చాలా ఉంది.

పొయ్యి కట్టేసి ఉన్నా గ్యాస్ వాసన వస్తోంది

కొత్త బండ బిగించిన వెంటనే వాసన మొదలైతే, వాల్వు లోపల ఉండే రబ్బరు వాషర్ అరిగిపోయిందనో, అసలు లేదనో అనుమానించాలి. బండ మార్చి చాలా రోజులై ఉంటే పైపు పగుళ్లను, రెగ్యులేటర్ బిగింపును చూడాలి. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది కనుక పైకి పోకుండా నేలను అంటుకుని పరుచుకుంటుంది. కాబట్టి పై కిటికీ ఒక్కటే తెరిస్తే సరిపోదు, తలుపులు కూడా బార్లా తెరవాలి.

ముందుగా రెగ్యులేటర్ కట్టేసి, దీపం, అగరుబత్తి వంటివి వెలుగుతుంటే ఆర్పేయాలి. వెలుగుతున్న లైటు ఆర్పకూడదు, ఆరి ఉన్నది వేయకూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ జోలికి అసలే పోకూడదు, ఎందుకంటే స్విచ్చులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. రెగ్యులేటర్ తీసి బండకు మూత బిగించి, వీలైతే ఆరుబయట పెట్టి, ఇంటికి దూరంగా వచ్చాక 1906 నంబరుకు ఫోన్ చేయాలి. గ్యాస్ లీకేజీ ఫిర్యాదుల కోసం రాత్రీపగలూ పనిచేసే నంబరు అది.

మామూలు రోజుల్లో అనుమానం తీర్చుకోవాలంటే వాల్వు దగ్గర, పైపు రెండు చివరల దగ్గర సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసేవారు ఇప్పటికీ ఉన్నారు. దానిని పరీక్ష అనడానికి వీల్లేదు. పైపును అయిదేళ్లకు ఒకసారి, పగుళ్లు కనిపిస్తే అంతకన్నా ముందే మార్చాలి. బండ పైభాగాన ఉండే పట్టీల్లో ఒకదాని లోపలివైపు, బండను మళ్లీ పరీక్షించవలసిన గడువును తెలిపే ‘బి-27’ వంటి గుర్తు రాసి ఉంటుంది. ఎ అంటే జనవరి నుంచి మార్చి వరకు, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్ వరకు, ఆ వరుసలోనే సి, డి. పక్కనున్న అంకె సంవత్సరం. ఆ గడువు దాటిన బండను తీసుకోకుండా తిప్పి పంపవచ్చు.

మూకుడులో నూనె అంటుకుంది

దీనికి కారణం పొయ్యి మీద నూనె పెట్టి పక్కకు వెళ్లడమే. నీళ్లు పోస్తే అవి కాగిన నూనె అడుగుకు చేరి ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెను నలువైపులా చిమ్ముతాయి. పొయ్యి కట్టేసి మూత పెట్టాలి. చల్లారేదాకా ఆ మూత తీయకూడదు.

ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మచ్చ పడింది, బోర్డు వేడిగా ఉంది

తెల్లని ప్లాస్టిక్ మీద ప్లగ్గు రంధ్రాల చుట్టూ టీ మరకలా రంగు మారితే, లోపల వైరు వదులైందనో, ఆ పాయింటు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగుతున్నామనో అర్థం. 6 ఆంపియర్ల పాయింటుకు గీజరు, ఇస్త్రీపెట్టె, హీటరు తగిలించడం, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు నాలుగైదు పరికరాలు పెట్టడం దీనికి మామూలు కారణాలు. అటువంటి పరికరాలకు 16 ఆంపియర్ల పాయింటు వేరుగా వేయించాలి.

ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చు) తరచూ పడిపోతుంటే చాలామంది ఎలక్ట్రీషియన్ చేత పెద్దది వేయిస్తారు. పాత ఇళ్లలో ఫ్యూజుకు లావు రాగితీగ చుట్టేవారూ ఉన్నారు. కరెంటు పోవడం ఆగుతుంది కానీ గోడలోని వైరు పాతదే కనుక, ఎమ్‌సీబీ పడిపోవలసిన సమయంలో ఆ వైరు కాలుతుంది. నా దృష్టిలో ఇళ్లలో చేసే మరమ్మతులన్నిటిలో ఇంతకన్నా ప్రమాదకరమైనది లేదు. లోడు తగ్గించుకోవాలి, లేదా వైరింగే మార్పించాలి.

స్కూటర్ బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉబ్బుతోంది, బాగా వేడెక్కుతోంది

లోపలి సెల్ దెబ్బతినడం, కంపెనీది కాని ఛార్జరు వాడడం దీనికి ముఖ్య కారణాలు. అటువంటి బ్యాటరీని వెంటనే వాడకం ఆపి సర్వీసు సెంటరుకు అప్పగించాలి. మంచి బ్యాటరీనైనా మెట్ల కింద, ఇంటి గుమ్మంలో, అందరూ నిద్రపోయే వేళ ఛార్జింగ్‌కు పెట్టకూడదు, ఎందుకంటే బయటికి వచ్చే దారి అదే. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి, పొగ పై అంతస్తులకు చేరి ఎనిమిది మంది చనిపోయారు.

ఫైరింజన్ వచ్చినా ఇంటిదాకా రాలేకపోతోంది

2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర 17 మంది మరణించిన ఇంటికి రాకపోకల దారి చాలా ఇరుకు. పాత బస్తీలోనే కాదు, కొత్త కాలనీల్లో కూడా ఇటువంటి దారులు ఉన్నాయి. ఫైరింజన్ సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. వీధికి రెండువైపులా కార్లు పెట్టి, వైర్లు కిందికి వేలాడుతుంటే అది మలుపు దగ్గరే ఆగిపోతుంది.

దీనికి పరిష్కారం ప్రమాదం జరగకముందే ఉంది. కాలనీ సంఘం తరఫున స్టేషన్ ఫైర్ ఆఫీసరుకు ఒక ఉత్తరం ఇచ్చి, వీధిని చూపించి, బండి ఎక్కడిదాకా రాగలదో, నీళ్లు ఏ సంపు నుంచి తీసుకోవచ్చో తేల్చుకోవాలి. 101కు గానీ 112కు గానీ ఫోన్ చేసినప్పుడు ఇంటి నంబరుతో పాటు గుడి, స్కూలు వంటి గుర్తు చెప్పి, ఒక మనిషిని మెయిన్ రోడ్డు మీద నిలబెట్టాలి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో పేలుడు పదార్థాలు, పత్తి ఉన్న ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి, మంటలార్పుతున్న అరవై మందికి పైగా సిబ్బంది చనిపోయారు. వారి స్మారకంగానే ఈ వారం. అప్పుడు స్కూళ్లలో, అపార్ట్‌మెంట్లలో సిబ్బంది ప్రదర్శనలు ఇస్తారు. మండుతున్న బండ మీద తడి గోనెసంచిని ముందుకు అడ్డంగా పట్టుకుని వెళ్లి కప్పి, ఆ వెంటనే రెగ్యులేటర్ కట్టేస్తారు. చూసి చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోకుండా, వారి పర్యవేక్షణలో మనమూ ఒకసారి చేసి చూడాలి. మంట అప్పటికే పెద్దదైతే మాత్రం ఆ ప్రయత్నం మానేసి బయటికి రావాలి.

మంట ఆరింది, స్టేషన్‌కు చెప్పాలా?

చెప్పాలి. దూది పరుపు పైకి ఆరినట్టే కనిపించి, లోలోపల రాజుకుంటూ కొన్ని గంటల తర్వాత మళ్లీ అంటుకుంటుంది; దానిని బయటికి లాగి, చీల్చి, నీళ్లతో పూర్తిగా తడపాలి. సిబ్బంది వచ్చి చూస్తే అటువంటి చోట్లు బయటపడతాయి. పైగా బీమా క్లెయిముకు వారిచ్చే నివేదిక అవసరమవుతుంది కనుక, వారు చూసేదాకా కాలిన సామాను పారవేయకుండా ఫోటోలు తీసి ఉంచుకోవాలి.