ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ డివిజన్ల తొలి చరిత్రను గోడచార్టుగా గీయించే విధానం

లీగ్‌లో డివిజన్లు, అంటే జట్లను స్థాయిని బట్టి పెట్టే అంచెలు, ఎలా పుట్టాయో బడిపిల్లలకు చెప్పదలచిన వ్యాయామోపాధ్యాయులు సాధారణంగా విజేతల జాబితాతో మొదలుపెడతారు. ఒంగోలులో తొమ్మిదో తరగతి పిల్లలచేత ఈ చార్టు గీయించిన అనుభవంతో, ఆ జాబితాను పక్కన పెట్టమని కోరుతున్నాను. ఒక పెద్ద చార్టు కాగితం, నీలం, ఎరుపు స్కెచ్ పెన్నులు చాలు. ఆట ఫలితం వల్ల జట్టు స్థానం మారితే నీలం గీత, క్లబ్బుల ఓటు వల్ల మారితే ఎర్ర గీత గీయించండి. ఈ తేడా పట్టుబడనిదే ఆ తొలి దశాబ్దాలు అర్థం కావు.

పై వరుసలో 1888 అని రాయించండి. ఆటగాళ్లకు జీతాలివ్వడం 1885లో చట్టబద్ధమయ్యాక క్లబ్బులకు ఖర్చు పెరిగింది గానీ, ముందుగా ఒప్పుకున్న స్నేహపూర్వక పోటీలు తరచూ రద్దయ్యేవి. అందుకే ఆస్టన్ విల్లాకు చెందిన విలియమ్ మెక్‌గ్రెగర్ 1888 మార్చి 2న ఇతర క్లబ్బులకు లేఖ రాశారు. లాంకషైర్, మిడ్‌లాండ్స్ ప్రాంతాల నుంచి 12 క్లబ్బులు చేరాయి. ఇక్కడ ‘డివిజన్’ అన్న మాట రాయనివ్వకండి, అప్పటికి ఉన్నది ఒక్కటే పట్టిక. అడుగున నిలిచిన నాలుగు జట్లు లీగ్‌లో కొనసాగాలంటే క్లబ్బుల ఓటు కోరాలన్నది నియమం. 1890లో స్టోక్‌ను తప్పించి సండర్లాండ్‌ను తీసుకున్నారు. మన మొదటి ఎర్ర గీత అదే.

1892 దగ్గర పిల్లలు తప్పు చేస్తారు. పాత పట్టికనే రెండుగా చీల్చారనుకుంటారు. నిజానికి లీగ్‌కు పోటీగా నడిచిన ఫుట్‌బాల్ అలయన్స్ అనే సంస్థ అందులో విలీనమవడం వల్ల మొదటి డివిజన్‌కు 16, రెండో దానికి 12 జట్లు సమకూరాయి. కాబట్టి రెండో వరుసలోకి గీతలు ఎక్కువగా పక్కనుంచి రావాలి.

1893 గడిని పెద్దదిగా ఉంచండి. ఆ ఏడు రెండో డివిజన్‌లో స్మాల్ హీత్ ప్రథమ స్థానంలో నిలిచింది. అయినా పైకి వెళ్లలేదు, ఎందుకంటే పై డివిజన్‌లోని చివరి మూడు జట్లతో కింది మొదటి మూడు జట్లు ‘టెస్ట్ మ్యాచ్’ ఆడి గెలవాలి. అందులో అది న్యూటన్ హీత్ చేతిలో ఓడింది. ‘ఫస్ట్ వచ్చినా పైకి పోలేదా సార్?’ అని మా విద్యార్థి ఒకడు పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. అలా ఆగితేనే పాఠం ఎక్కినట్టు. ఆ పద్ధతి ఎందుకు పోయిందో కూడా చెప్పండి: అప్పటికి టెస్ట్ మ్యాచ్‌లు పాయింట్ల పద్ధతికి మారాయి; 1898లో స్టోక్, బర్న్‌లీ జట్లు రెండింటికీ పై డివిజన్‌లో చోటు దక్కడానికి డ్రా అయితే చాలు, ఇద్దరూ గోల్ లేకుండా ముగించారు. ఆ తర్వాత రెండు డివిజన్లనూ 18 జట్లకు పెంచి, ఇద్దరు పైకి, ఇద్దరు కిందికి నేరుగా మారే నియమం పెట్టారు. 1905లో 20కి పెరగడం ఒక్క మాటలో ముగించవచ్చు.

1919లో మందమైన ఎర్ర గీత పడాలి. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల లీగ్ ఆగిపోకముందు జరిగిన చివరి సీజన్ (1914-15)లో రెండో డివిజన్‌లో అయిదో స్థానంగా నమోదైన ఆర్సెనల్‌ను, డివిజన్లను 22కి పెంచే సమయంలో ఓటుతో పైకి తెచ్చారు. నీలం గీతతో దాన్ని చూపించే మార్గమే లేదు.

సదరన్ లీగ్ అనే దక్షిణ ప్రాంతపు వేరే లీగ్ క్లబ్బులతో 1920లో మూడో డివిజన్ వచ్చింది. మరుసటి ఏడాది అది దక్షిణ విభాగమై, ఉత్తర విభాగం కూడా ఏర్పడింది. దూరాన్ని బట్టి విభజించడం ఎందుకో మన పిల్లలకు తేలిగ్గా చెప్పవచ్చు: తడ జట్టు ప్రతి వారం గిద్దలూరు వెళ్లి ఆడాలంటే చార్జీలకే డబ్బులు చాలవు. ఈ రెండు గడులను ఒకదాని కింద ఒకటి కాక, పక్కపక్కన ఒకే ఎత్తులో గీయాలి. 1958లో వాటిని కలిపి మూడు, నాలుగు డివిజన్లుగా మార్చారు గనుక, ఆ సంవత్సరం నుంచి మాత్రమే ఒకదాని కింద ఒకటి వస్తాయి. అట్టడుగు వరుస కోసం ఎర్ర పెన్ను దగ్గరే ఉంచుకోండి, అక్కడ క్లబ్బుల ఓటు 1986 వరకు సాగింది.