పక్కింటి హాట్ టబ్ రొద: శబ్దాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి మందు

2020 లాక్‌డౌన్‌లో ఇంగ్లండ్ జనం హాట్ టబ్‌లు, అంటే పెరట్లో పెట్టుకుని నలుగురైదుగురు కూర్చునే వేడినీళ్ల తొట్లు, ఎగబడి కొన్నారు. ఎక్కడికీ వెళ్లే వీల్లేదు కాబట్టి పెరట్లోనే సెలవులు గడుపుదామనుకున్నారు. వాటిలో చాలావాటికి ఇప్పుడు వయసు మీద పడింది. మోటారు బేరింగులు అరుగుతున్నాయి, మూతలు నీళ్లు పీల్చి బరువెక్కుతున్నాయి. సెమీ డిటాచ్డ్ ఇళ్లలో, పక్కవాళ్లతో ఒకే గోడ పంచుకుని ఉండే మనలాంటి వాళ్లకు రాత్రయితే చెవిలో జోరీగ దూరినట్టే.

మా పక్కింట్లోనూ ఒకటుంది. దాని పుణ్యమా అని ఒక చలికాలమంతా నాకు సరైన నిద్ర లేదు. అప్పుడు తెలిసొచ్చింది ఇదే: "మీ టబ్ శబ్దం చేస్తోంది" అంటే గొడవ అవుతుంది. "మీ టబ్ రాత్రి 2 నుంచి 4 దాకా తిరుగుతోంది, మా పడకగది గోడలో గుయ్‌మంటోంది" అంటే పని అవుతుంది. తలుపు తట్టే ముందు ఏ శబ్దం, ఏ వేళకి, ఏ దారిలో వస్తోందో మనం తేల్చుకోవాలి.

అసలు ఆ శబ్దం వాళ్లదేనా?

నవ్వకండి. నేను మొదటి పది రోజులు మా ఫ్రిజ్‌నే అనుమానించాను, తర్వాత బాయిలర్‌ని. శబ్దం వస్తున్నప్పుడు రెండు నిమిషాలు మీ ఇంటి కరెంటు మెయిన్ ఆపేసి వినండి. అయినా వినపడుతుంటే అది మీ ఇంటిది కాదు.

ఆ తర్వాత కిటికీ మూసి వినండి. శబ్దం బాగా తగ్గితే అది గాలిలో వస్తోంది. పెద్దగా తగ్గకుండా, గోడకు చెవి ఆనిస్తే ఇంకా గట్టిగా వినపడితే అది నేలలోనుంచి, గోడలోనుంచి వస్తోంది. ఈ రెండింటికీ మందులు వేరు. ఈ తేడా తెలియక ఫెన్స్ మీద డబ్బు తగలేసినవాళ్లున్నారు.

కనీసం వారం రోజులు మొదలైన టైము, ఆగిన టైము రాసి పెట్టుకోండి. ఈ చీటీయే సగం వైద్యం. రేపు కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) దాకా వెళ్లాల్సి వచ్చినా మొదట అడిగేది దీన్నే.

లక్షణం: రోజూ ఒకే వేళకు మొదలై, గంటో రెండు గంటలో గుయ్‌మని ఆగుతుంది

ఇది ఫిల్టర్ సైకిల్. టబ్‌లో ఎవరూ లేకపోయినా నీళ్లు పాడవకుండా పంపు రోజుకు రెండు విడతలు నీటిని ఫిల్టర్‌లోంచి తిప్పుతుంది. రాత్రిపూట ఎందుకు తిరుగుతోందంటే సాధారణంగా రెండే కారణాలు.

మొదటిది, గడియారం తప్పు. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని టబ్‌ల టైము చెదిరిపోతుంది. కొన్ని పాత రకాలకైతే గడియారమే ఉండదు, స్విచ్ వేసిన క్షణం నుంచే లెక్క మొదలవుతుంది. రాత్రి 2కి ఫ్యూజు పోయి వచ్చిందనుకోండి, ఆ తర్వాత రోజూ రాత్రి 2కే మోత. యజమానికి ఈ సంగతే తెలియదు. మందు సులువు: టైము సరిచేసుకోవాలి, గడియారం లేనిదైతే పొద్దున 10కి ఒకసారి ఆపి వేయాలి. పైసా ఖర్చు లేదు.

రెండోది, కావాలనే పెట్టుకోవడం. ఎకానమీ 7 లాంటి టారిఫ్‌లోనో, ఎలక్ట్రిక్ కారు కోసం తీసుకున్న టారిఫ్‌లోనో అర్ధరాత్రి తర్వాత యూనిట్ చవక. అందుకని కారు, వాషింగ్ మెషీన్, టబ్ అన్నీ అప్పుడే నడుపుతారు. ఇక్కడ మనం ఆయన జేబు మీద చెయ్యి వేస్తున్నాం కాబట్టి కాస్త మెత్తగా మాట్లాడాలి. చవక గంటల్లో కొన్ని పొద్దున 5 తర్వాత కూడా ఉంటే అటు జరపమని అడగొచ్చు. సోలార్ ప్యానెళ్లు ఉన్నవాళ్లకైతే మధ్యాహ్నం నడపడమే లాభం.

లక్షణం: వేళాపాళా లేకుండా, ముఖ్యంగా చలికాలంలో, మాటిమాటికీ తిరుగుతుంది

అందరూ మోటారును తిడతారు గానీ ఇక్కడ దోషి చాలాసార్లు మూత.

టబ్‌లో నీళ్లు 37 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంచుతారు. వేడి తగ్గగానే హీటర్ వెలుగుతుంది. హీటర్ వెలగాలంటే దానిలోంచి నీళ్లు పారాలి, అంటే పంపు తిరగాలి. వేడి ఎంత త్వరగా పోతే పంపు అన్నిసార్లు లేస్తుంది. మూత లోపల ఉండే ఫోమ్ కొన్నేళ్లకు నీళ్లు పీలుస్తుంది. తడిసిన ఫోమ్ వేడిని ఆపలేదు.

కనిపెట్టడానికి వాళ్ల పెరట్లోకి కూడా వెళ్లక్కర్లేదు. మంచు పేరుకున్న పొద్దున మేడ మీది కిటికీలోంచి చూడండి. గడ్డి, షెడ్డు కప్పు, కుర్చీలు అన్నీ తెల్లగా ఉండి టబ్ మూత మాత్రం నల్లగా, తడిగా ఉంటే వేడి అక్కడినుంచే పోతోంది. ఇద్దరు కలిసి ఆయాసపడుతూ మూత ఎత్తడం కనపడినా అదే గుర్తు.

కొత్త మూత వేస్తే పంపు లేవడం తగ్గుతుంది, ఆయన కరెంటు బిల్లూ తగ్గుతుంది. మా విషయంలో పని చేసింది ఇదే. నా నిద్ర గురించి చెప్పినప్పుడు పక్కింటాయన మర్యాదగా తలూపాడు. బిల్లు మాట ఎత్తగానే నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. కొంతమంది యజమానులు టబ్‌ని రాత్రంతా పూర్తిగా ఆపేస్తామంటారు. గడ్డకట్టే చలిలో వద్దని చెప్పండి. గొట్టాల్లో నీరు గడ్డకడితే పగుళ్లు వస్తాయి. రాత్రి నాలుగైదు డిగ్రీలు తక్కువకు సెట్ చేస్తే చాలు, అంత సేపు పంపు అరుదుగా లేస్తుంది.

లక్షణం: పెరట్లో నిలబడితే పెద్దగా లేదు, మన గదిలో మాత్రం గుయ్‌మని ఉంటుంది

అన్నిటిలోకి మొండిది ఇదే, అందుకే దీనికి ఎక్కువ చెప్పాలి.

బ్రిటన్‌లోనూ మన దేశంలోలాగే కరెంటు 50 హెర్ట్జ్. మోటారులోని అయస్కాంత బలం దానికి రెట్టింపు వేగంతో, సెకనుకు 100 సార్లు లాగుతూ వదులుతూ ఉంటుంది. మన ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే వినపడే గుయ్‌మనే మోత కూడా ఇదే. ఆ అదురు పంపు కాళ్ల నుంచి టబ్ అడుగుకు, అక్కడినుంచి డెక్కింగ్‌కు (టబ్ కింద వేసే చెక్క పలకల వేదిక), డెక్కింగ్‌ను ఇంటి గోడకు బోల్టులతో బిగించి ఉంటే నేరుగా గోడలోకి ఎక్కుతుంది. ఒకే గోడ కాబట్టి మన మంచం తలాపుకూ వస్తుంది. డెక్కింగ్ ఇక్కడ వీణకు కుండలాగా పనిచేస్తుంది, చిన్న అదురును పెద్దది చేసి వినిపిస్తుంది.

మందు రెండు చోట్ల వేయాలి. పంపు కాళ్ల కింద అదురును మింగే రబ్బరు దిమ్మలు, టబ్ కింద దళసరి రబ్బరు మ్యాట్. చిక్కేమిటంటే మామూలు ఐదుగురు కూర్చునే టబ్‌లో వెయ్యి లీటర్లకు పైగా నీళ్లుంటాయి, అంటే టన్ను బరువు. ఉన్నపళంగా ఎవరూ ఎత్తలేరు. కానీ ప్రతి మూడు నాలుగు నెలలకోసారి నీళ్లు మార్చడానికి ఖాళీ చేస్తారు. "ఈసారి నీళ్లు మార్చేటప్పుడు చెప్పండి, మ్యాట్ నేను తెప్పిస్తాను, ఒక చెయ్యి కూడా వేస్తాను" అనండి. ఖర్చు మనమెందుకు పెట్టుకోవాలని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే, కానీ నిద్ర నాది. డెక్కింగ్ గోడకు తగిలి ఉంటే అక్కడ బోల్టులు తీసి, విడిగా కాళ్ల మీద నిలబెట్టించాలి. ఆ పని వడ్రంగిది.

గాలి నింపే రకం టబ్ అయితే పంపు పెట్టె బయటే ఉంటుంది. దాన్ని రాతి పలక మీద, పలక కింద రబ్బరు వేసి పెడితే చాలావరకు తగ్గుతుంది. శబ్దం తగ్గుతుందని దాని మీద పెట్టె బోర్లించకూడదు. గాలాడక వేడెక్కుతుంది.

ఈలోగా మీ గదిలో మీరు చేసుకోగలిగింది ఒకటుంది. 100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు. ఇలాంటి మోత గోడల దగ్గర, మూలల్లో ఎక్కువగా, గది మధ్యలో కొన్నిచోట్ల తక్కువగా ఉంటుంది. మంచాన్ని గోడనుంచి 80, 90 సెంటీమీటర్లు జరిపి చూడండి. నాకు నమ్మకం లేకుండానే జరిపాను, ఆ రాత్రి తేడా తెలిసింది. చెవిలో పెట్టుకునే ప్లగ్‌లు మాత్రం ఈ మోతకు అంతగా పనికిరావు, అవి కీచు శబ్దాలకే నయం.

ఇంకో చిక్కు. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి చూపిస్తే అంకె చాలా చిన్నగా వస్తుంది, పక్కింటాయన "ఇదేం శబ్దం?" అంటాడు. ఆ యాప్‌లు సాధారణంగా లెక్కించే పద్ధతి 100 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అంకె వదిలేయండి. రాత్రి పదింటికి పంపు వేయించి ఆయన్నే మీ గదికి పిలవండి. మా పక్కింటాయన పడకగది వీధివైపు, టబ్ పెరటివైపు. మా గదిలో మంచం దగ్గర నిలబడేవరకూ ఆయన ఆ మోత ఒక్కసారి కూడా వినలేదట.

లక్షణం: కీచు, గరగర, దడదడ, ఈల

ఇవి జబ్బు శబ్దాలు, త్వరగా తేలిపోతాయి.

కీచుమని మొదలై రోజురోజుకీ పెరుగుతుంటే బేరింగులు పోయాయి. బేరింగులు మార్చాలి, లేదా పంపే మార్చాలి. ఆపకుండా నడిపితే ఎలాగూ మోటారు కాలిపోతుంది, ఆ మాట చెబితే యజమాని త్వరగా కదులుతాడు.

పంపులో గులకరాళ్లు పోసినట్టు గరగర వస్తే పంపుకు నీళ్లు చాలడం లేదు. నీటి మట్టం తగ్గి ఉండొచ్చు, వాల్వు సగం మూసుకుని ఉండొచ్చు, చాలాసార్లు ఫిల్టర్ మురికి పట్టి ఉంటుంది. కడిగి పెడితే పది నిమిషాల పని. దడదడలాడుతుంటే పక్క పలక స్క్రూ వదులైంది. హేర్ డ్రయ్యర్‌లా ఈల వేస్తుంటే అది బుడగలు ఊదే బ్లోయర్, మనుషులు కూర్చున్నప్పుడే వస్తుంది. దానికి మందు వేళ మాట్లాడుకోవడమే. గుయ్‌మంటూ నీళ్లు కదలకపోతే మోటారు పట్టేసింది, వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. నీళ్లు, కరెంటు కలిసిన చోట సొంత వైద్యం వద్దు. వాళ్లు ఊళ్లో లేరని గోడ దూకి స్విచ్ ఆపడం అసలే వద్దు.

ఫెన్స్ కడితే పోదా?

గాలిలో వచ్చే శబ్దానికైతే కొంత పోతుంది. అది సందుల్లేకుండా, బరువుగా ఉండాలి, చదరపు మీటరుకు 10 కిలోలైనా. మన కిటికీకి పంపు కనపడకుండా అడ్డం రావాలి. మేడ మీది పడకగదికి అది జరగని పని, ఎందుకంటే ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా పెరటి ఫెన్స్ 2 మీటర్లు దాటకూడదు. చెట్ల కంచె కంటికి హాయే తప్ప శబ్దాన్ని ఆపదు. టబ్‌ని దూరం జరిపించగలిగితే అదే మేలు: ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రెండు గోడల మూలలో ఉన్న టబ్‌ని ఆ మూలనుంచి బయటికి లాగినా లాభమే.

లక్షణం: నవ్వులు, పాటలు, కేకలు

దీనికి రబ్బరు మ్యాట్ లేదు. నీళ్లు చిమ్మే జెట్‌ల హోరులో ఒకరి మాట ఒకరికి వినపడక గొంతు పెంచుతారు, తాము అరుస్తున్నామన్న సంగతి వాళ్లకు తెలియదు. ఆ రాత్రే వెళ్లి అడగకండి. గ్లాసు చేతిలో ఉన్నవాడితో వాదన తేలదు. మర్నాడు మధ్యాహ్నం వెళ్లి, మామూలు రోజుల్లో 10 గంటలకు ఆపేయమని అడగండి, వారాంతాల్లో ఒక గంట మీరే వదులుకోండి. పక్కిల్లు సెలవులకు అద్దెకిచ్చేదైతే వచ్చిపోయేవాళ్లతో మాట్లాడి లాభం లేదు, యజమానిని పట్టుకుని టబ్‌కు టైమర్ తాళం వేయమనాలి.

ఏదీ కుదరకపోతే

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకూడదంటారు. గొడ్డలి ఎత్తేముందు ఒక విషయం తెలుసుకోండి: ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇల్లు అమ్మేటప్పుడు నింపే టీఏ6 ఫారంలో పక్కవాళ్లతో తగాదాలున్నాయా అని అడుగుతారు, దాచకూడదు. అద్దెకుండేవాళ్లకు ఈ బెంగ లేదు, ల్యాండ్‌లార్డ్‌కో ఏజెంట్‌కో ముందుగా రాసిపెట్టండి. చాలా కౌన్సిళ్లు మధ్యవర్తిని చూపిస్తాయి, అదీ ప్రయత్నించండి.

ఆ పైన కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య విభాగం. 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఆ శబ్దం చట్టపరమైన ఉపద్రవమని వాళ్లు తేలిస్తే ఆపమని నోటీసు ఇవ్వాలి. ముందు నచ్చజెప్పి చూడటానికి ఏడు రోజులు ఆగొచ్చు. దీనికి ఇన్ని డెసిబెల్స్ అని గీత లేదు, ఎంతసేపు, ఎన్నిసార్లు, ఏ వేళన్నది చూస్తారు. అంకెలున్నది 1996 నాటి శబ్ద చట్టంలో: రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా, మీ ఇంట్లో కొలిస్తే, చుట్టుపక్కల సహజ శబ్దం 24 డెసిబెల్స్ దాటనిచోట 34 డెసిబెల్స్ హద్దు. పంపు మోత ఈ కొలతకు చాలాసార్లు అందదు, కాబట్టి మొదటి చట్టం మీదే ఆధారపడండి. కౌన్సిల్ కదలకపోతే అదే చట్టంలోని 82వ సెక్షన్ కింద మీరే మెజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు. అంతకు ముందు పక్కింటివాళ్లకు కనీసం మూడు రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి.

అన్నీ సర్దుకున్నాక కూడా ఆ టైముల చీటీ పారేయకండి. మార్చి చివరి ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి, టబ్ గడియారం చాలాసార్లు జరగదు. మాకు ఆ సోమవారం రాత్రి మోత ఒక గంట ఆలస్యంగా మొదలైంది. నేను ఫోన్ తీసేలోగా పక్కింటాయన డ్రెస్సింగ్ గౌనులో టార్చి పట్టుకుని పెరట్లోకి వస్తూ కనిపించాడు.