అరకు కొండ రైలు మార్గం 8×4 అడుగుల పలకపై: ఇంట్లో మోడల్ రైల్వే కట్టే విధానం

అరకు మీదుగా సాగే కొత్తవలస–కిరండూల్ మార్గంలోని ఒక ముక్కను ఇంట్లో నమూనాగా కట్టాలనుకునేవారు మొదటే ఒక సంగతి తేల్చుకోవాలి: చిన్న పలక మీద ఎత్తు ఎక్కవలసింది పట్టాలు కాదు, నేల. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన ఈ మార్గం 58 సొరంగాల గుండా సాగుతూ శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తును అందుకుంటుంది కనుక, రైలు ఎగబాకడం చూడాలన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. కానీ లెక్క ఒప్పుకోదు. హెచ్‌ఓ అనే నమూనా స్కేల్‌లో ఒక పట్టా మీదుగా మరొకటి దాటాలంటే సుమారు 7.5 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. నూటికి రెండున్నర చొప్పున వాలు ఇచ్చినా ఎక్కడానికి 3 మీటర్లు, దిగడానికి మరో 3 మీటర్లు పోతాయి. 8×4 అడుగుల పలకపై పట్టే అండాకారపు మార్గం చుట్టుకొలతే ఆరు మీటర్లకు మించదు. అందుచేత పట్టాలను సమతలంగా ఉంచి, వెనుకవైపు కొండను లేపి, ముందువైపు లోయను దించితే, రైలు కొండ అంచును పట్టుకుని వెళ్తున్నట్టే కనిపిస్తుంది.

హెచ్‌ఓ అంటే అసలు కొలతలో 87వ వంతు. దీని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19 పైచిలుకు వస్తుంది, అంటే నమూనా దాదాపు 3 మిల్లీమీటర్లు ఇరుకు. దీన్ని సరిదిద్దబోతే ప్రతి చక్రాన్నీ మార్చవలసి వస్తుంది. కంకర పరిచాక ఈ తేడా కంటికి ఆనదు కాబట్టి వదిలేయడమే తెలివైన పని. వంపుల విషయంలో మాత్రం రాజీ పడకూడదు. నాలుగు అడుగుల వెడల్పులో 18 అంగుళాల వ్యాసార్థం హాయిగా పడుతుంది గాని, నమూనాలో సుమారు 24 సెంటీమీటర్లుండే ప్రయాణికుల పెట్టె ఆ వంపులో బయటికి పొడుచుకు వస్తుంది. 12 సెంటీమీటర్ల పైచిలుకుండే, పైకప్పు లేని బాక్స్‌ఎన్ గూడ్సు వ్యాగన్లు అక్కడ చక్కగా తిరుగుతాయి. పైగా ఇది ఖనిజం మోసే మార్గం, గూడ్సు బండే దీనికి న్యాయం.

పలకకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు, కాని అది తేమకు తట్టుకునే రకం కావాలి. మామూలు ప్లై ఒక్క వర్షాకాలానికే వంకర తిరుగుతుంది. కింద అడుగున్నరకు ఒకటి చొప్పున అడ్డచెక్కలు బిగించాలి. అద్దె ఇళ్లలో ఉండేవారు దీన్ని రెండు 4×4 ముక్కలుగా చేసి బోల్టులతో కలుపుకుంటే ఇల్లు మారేటప్పుడు గుమ్మం దగ్గర చిక్కు రాదు. లోయ వచ్చేచోట ప్లైని రంపంతో కోసి, ఆ ముక్కను పది సెంటీమీటర్లు కిందికి దించి చట్రానికే బిగించాలి.

పట్టాల కింద కార్క్ షీటు అతికిస్తే శబ్దం తగ్గుతుంది, కంకర గట్టుకు ఆకారమూ వస్తుంది. విద్యుత్తును పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్ల మీదకు వదిలేయకుండా ప్రతి మూడు అడుగులకు ఒక జత తీగలను పట్టాలకు టంకం పెట్టి, పలక కిందుగా సాగే ఎరుపు, నలుపు ప్రధాన తీగలకు కలపాలి. ఆ తర్వాత కొన్ని రోజులపాటు, ముందుకూ వెనక్కూ, నెమ్మదిగానూ వేగంగానూ బండి నడిపి చూడాలి. అంతవరకు కొండ జోలికి పోకూడదు; సొరంగం కప్పేశాక, లోపల బండి పట్టాలు తప్పే లోపాన్ని సరిచేయడం నరకం. ఈ కారణంగానే సొరంగానికి వెనుకవైపు చేయి దూరేంత కంత తప్పక వదలాలి.

కొండకు థర్మాకోల్ దిమ్మెలను తెల్ల ఫెవికాల్‌తో అతికించి కత్తితో చెక్కాలి. చెప్పులు అతికించే పసుపు రంగు రబ్బరు జిగురు, స్ప్రే పెయింటు థర్మాకోల్‌ను కరిగించేస్తాయి. పైపొరకు మందుల షాపులో దొరికే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కట్టు అన్నిటికన్నా తేలిక: నీళ్లలో ముంచి, మడతలు పడేలా పరిస్తే ఆ మడతలే రాతి పొరలవుతాయి. ఆరాక జల్లించిన ఎర్రమట్టిని జిగురు మీద చల్లాలి. పొడవాటి గడ్డికి కొండచీపురు కొసలను మించినవి లేవు. అవి అరకు సంతలోనే దొరికే సరుకు కావడం అదనపు సంతోషం.

కంకర దగ్గర ఓపిక కావాలి. అసలు కంకర రాయి సాధారణంగా 65 మిల్లీమీటర్లకు మించదు, కనుక నమూనాలో ముప్పావు మిల్లీమీటరు దాటిన గింజ బండరాయిలా కనిపిస్తుంది. రోబో ఇసుకను టీ వడపోతతో జల్లించి, కడిగి ఆరబెట్టి, ఒక అయస్కాంతాన్ని దాని మీదుగా తిప్పాలి. మిగిలిన ఇనుప రేణువులు ఇంజన్ మోటారులోకి చేరితే ప్రమాదం. స్లీపర్ల మధ్య మెత్తటి కుంచెతో సర్ది, ముందు నీరు కలిపిన స్పిరిట్‌ను సన్నగా చిమ్మి తడిపి, తరువాత సమపాళ్లలో నీరు, ఫెవికాల్, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన మిశ్రమాన్ని డ్రాపర్‌తో వదలాలి. తడపకుండా జిగురు వదిలితే కంకర ఉండలు కట్టి పట్టాల మీదకు ఎక్కుతుంది. పట్టాలు చీలే పాయింట్ల కదిలే నాలుకల దగ్గర కంకర వేయకుండా, కింద బూడిదరంగు పూసి ఊరుకోవడం మేలు. చివరగా పట్టాల పక్కన పలుచని ఇటుక రంగు పూత పూస్తే ఖనిజపు ధూళి కనిపిస్తుంది.

స్టేషన్‌కు తక్కువ ఎత్తు ప్లాట్‌ఫారం, పసుపు పలక మీద నల్లటి అక్షరాలతో తెలుగు, హిందీ, ఇంగ్లీషు పేర్లు, కింద సముద్రమట్టం నుంచి ఎత్తు ఉంటే చాలు. కరెంటు స్తంభాలు నిలిపి తీగలు మానుకోవచ్చు; అసలు నిష్పత్తిలో దూరం పెడితే ఈ వంపులకు నప్పదు, కాబట్టి పాతిక సెంటీమీటర్లకు ఒకటి నాటితే కంటికి ఇంపుగా ఉంటుంది.

వాడకంలో ముఖ్యశత్రువు దుమ్ము. పట్టాలను గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి వాటిలో మురికి మరింత చేరుతుంది; ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, బండి నడపని రోజుల్లో పాత నేత చీర కప్పి ఉంచాలి.