ఎమర్జెన్సీ డాక్టరు ఎవరో, ఏం చదివారో, ఎక్కడ పనిచేస్తారో ముందే తెలుసుకోవడం ఎలా

నాన్న డిశ్చార్జ్ సమ్మరీ ఇప్పటికీ మా బీరువాలో ప్లాస్టిక్ కవర్లో ఉంది. దాని చివర నీలం రంగు రబ్బరు స్టాంపు ఒకటి వంకరగా పడింది. డాక్టరు పేరులో చివరి నాలుగక్షరాలు, కింద ఎంబీబీఎస్, దాని పక్కన రిజిస్ట్రేషన్ నంబరు, అందులో రెండంకెలు అలుక్కుపోయి ఉన్నాయి. పైన అచ్చులో ఉన్న పేరు మాత్రం ఆ మూడు రోజుల్లో మేము ఒక్కసారి కూడా చూడని పెద్ద డాక్టరుది. రాత్రి రెండింటికి ఈసీజీ తీసి, ఇంజెక్షన్ ఇచ్చి, అమ్మతో "భయపడకండమ్మా, నేనిక్కడే ఉంటాను" అన్న కుర్ర డాక్టరు ఎవరో, ఏం చదివాడో, అక్కడే పనిచేస్తాడో లేక ఇంకో చోటి నుంచి నైట్ డ్యూటీకి వచ్చాడో మాకు తెలీదు. తర్వాత వేరే ఆసుపత్రిలో చూపిస్తే అక్కడి కార్డియాలజిస్టు మొదట అడిగింది అదే, "ముందు చూసిందెవరు, ఏ మందు ఎన్నింటికి ఇచ్చారు?" అని. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అప్పట్నుంచి కనుక్కుంటూ, అడుగుతూ నేర్చుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. ముందుగా ఒక మాట, దీన్ని మాత్రం దయచేసి దాటేయకండి. ఇది ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర నిలబడి చేసే పని కాదు. పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే టైముంటుంది, గుండెపోటుకి ప్రతి నిమిషం లెక్కే. ఆ టైములో డాక్టరు డిగ్రీ వెతుక్కుంటూ ఫోన్ పట్టుకుని కూర్చోకూడదు, దగ్గర్లో సౌకర్యమున్న చోటికి తీసుకెళ్లడమే. ప్రమాదంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చెయ్యాల్సిందేనని, అది ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ఒకటేనని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనం ఇక్కడ మాట్లాడుకునే పని, ఇంట్లో అందరూ బాగున్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం కూర్చుని చేసుకునేది.

డిగ్రీల సంగతితో మొదలుపెడదాం, ఎందుకంటే జనం ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్ కొత్త స్పెషాలిటీ. అప్పటి మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దీన్ని విడి సబ్జెక్టుగా గుర్తించిందే 2009లో, ఆ తర్వాత కొన్నేళ్లకి డీఎన్‌బీ (నేషనల్ బోర్డ్ ఇచ్చే, ఎండీతో సమానమైన పీజీ) కూడా వచ్చింది. అంటే పాతికేళ్లుగా క్యాజువాలిటీ నడుపుతున్న సీనియర్ దగ్గర ఎమర్జెన్సీ ఎండీ లేకపోతే అందులో వింతేమీ లేదు, ఆయన చదివే రోజుల్లో ఆ కోర్సే లేదు. అలాంటివాళ్లలో చాలామంది అనస్థీషియానో జనరల్ మెడిసినో చేసి ఇటు వచ్చినవాళ్లు. అదే ముప్పై ఐదేళ్ల డాక్టరు "ఎమర్జెన్సీ స్పెషలిస్ట్" అని బోర్డు పెట్టుకుంటే, ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీ గానీ డీఎన్‌బీ గానీ ఉందా అని అడగడం సబబే.

ఇంకో రెండు డిగ్రీలు మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో తరచుగా కనిపిస్తాయి. ఒకటి ఎంఈఎం, అంటే మాస్టర్స్ ఇన్ ఎమర్జెన్సీ మెడిసిన్. విదేశీ యూనివర్సిటీతో కలిసి ఆసుపత్రులు నడిపే మూడేళ్ల ట్రైనింగ్ ఇది, కానీ ఎండీతో సమానమైన పీజీగా మన దేశంలో దీనికి గుర్తింపు లేదు. రెండోది ఎంఆర్‌సీఈఎం, లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్ పెట్టే పరీక్షలు పాసైతే వచ్చే సభ్యత్వం. అక్కడ కూడా కన్సల్టెంటు, అంటే సొంతంగా బాధ్యత తీసుకునే సీనియర్ స్పెషలిస్టు స్థాయికి ఇదొక్కటే చాలదు, ఇంకా పై పరీక్షలు, ఏళ్ల ట్రైనింగు ఉంటాయి. అలాగని వీళ్లని తక్కువగా చూడకండి. ఎండీ సీట్లు సరిగా లేని రోజుల్లో చాలా చోట్ల ఎమర్జెన్సీ వార్డులని నిలబెట్టింది ఈ కోర్సులు చేసినవాళ్లే, రాత్రిళ్లు చేత్తో ట్యూబు వేసి ప్రాణం నిలబెట్టేవాళ్లు వీళ్లలో ఎంతోమంది ఉన్నారు. గుర్తింపు ఉందా లేదా అనేది ఒక ప్రశ్న, పని వచ్చా రాదా అనేది ఇంకో ప్రశ్న, రెండూ కలిపేస్తే మనకే నష్టం.

ఏసీఎల్ఎస్, బీఎల్ఎస్ (ఆగిన గుండెని, ఊపిరిని నిలబెట్టే ట్రైనింగు), ఏటీఎల్ఎస్ (పెద్ద గాయాలకి చేసే వైద్యం) లాంటివి డిగ్రీలు కావు. ఒకటి నుంచి మూడు రోజుల కోర్సులు, కొన్నేళ్లకోసారి మళ్లీ చెయ్యాలి. ఎమర్జెన్సీలో పనిచేసేవాళ్లకి అవి ఉండితీరాలి, కానీ పేరు వెనకాల తోకలాగా రాసుకుంటే పీజీ అనుకోకండి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల ప్రకారం గుర్తింపు ఉన్న డిగ్రీలు, లేదా వైద్య జ్ఞానాన్నిచ్చే సర్టిఫికెట్లు, సభ్యత్వాల్లాంటివే పేరు పక్కన రాసుకోవాలి, రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో, ప్రిస్క్రిప్షన్ మీద, డబ్బు కట్టిన రసీదు మీద కనబడాలి. కాబట్టి నంబరు అడిగితే మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

మన ఊళ్లలో ఆర్ఎంపీ అనే మాటతో కూడా జాగ్రత్త. చట్టంలో దానర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే నిజమైన డాక్టరు. మనం పిలిచే ఆర్ఎంపీ మాత్రం ఏ డాక్టరు దగ్గరో కాంపౌండరుగా చేసి, తర్వాత ఊళ్లో సూదులు వేసే మనిషి. ఆయనకి ఏ రిజిస్టర్‌లోనూ పేరుండదు. అలాగే కొన్ని చిన్న నర్సింగ్ హోముల్లో రాత్రి డ్యూటీకి ఆయుర్వేదం, హోమియో చదివినవాళ్లని కూర్చోబెడతారు. వాళ్లు తమ వైద్యంలో డాక్టర్లే కావచ్చు, కానీ గుండె ఆగుతున్న మనిషి పక్కన ఉండాల్సింది వాళ్లు కాదు. "రాత్రి డ్యూటీలో ఉండేది ఎంబీబీఎస్ డాక్టరేనా?" అని నేరుగా అడగండి.

ఇక రిజిస్టర్‌లో వెతకడం. 2020 సెప్టెంబరులో మెడికల్ కౌన్సిల్ స్థానంలో నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చింది, దాని వెబ్‌సైటులో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ ఉంటుంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పేరుతో, నంబరుతో, రాష్ట్ర కౌన్సిల్‌తో వెతకొచ్చు. నంబరు దొరికితే నంబరుతోనే వెతకండి, కౌన్సిల్ పేరు కూడా ఎంచుకోండి, ఎందుకంటే ఒకే నంబరు వేరే వేరే రాష్ట్రాల్లో వేరే వేరే వాళ్లకి ఉంటుంది. పేరుతో వెతికితే మన తెలుగు పేర్లతో పెద్ద చిక్కు. బోర్డు మీద "డాక్టర్ కె. లక్ష్మి" అని ఉంటుంది, రిజిస్టర్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. లక్ష్మిలో క్ష ని ఇంగ్లీషులో కే ఎస్ హెచ్‌తో రాశారో ఎక్స్‌తో రాశారో తెలీదు, సునీతలో త పక్కన హెచ్ ఉందో లేదో తెలీదు, పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఉండొచ్చు. నేను ఒకావిడ పేరు నాలుగు రకాలుగా కొట్టాక ఐదోసారి దొరికింది. పేరు దొరకలేదని వెంటనే దొంగ డాక్టరు అనేయకండి, అదే పేరున్న ఇంకొకరిని చూసి ఈయనే అని సంబరపడకండి. తండ్రి లేదా భర్త పేరు, యూనివర్సిటీ, పాసైన సంవత్సరం కూడా ఉంటాయి, వాటితో సరిచూసుకోండి.

రాష్ట్రం విడిపోవడం వల్ల వచ్చిన ఇంకో తికమక ఉంది. 2014కి ముందు చదివినవాళ్లు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉంటారు, ఇప్పుడు హైదరాబాద్‌లోనో కరీంనగర్‌లోనో పనిచేస్తున్నా పాత నంబరే కనిపించొచ్చు. యూనివర్సిటీ పేరు కూడా అంతే, పాతవాళ్లకి విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో కొత్తవాళ్లకి వరంగల్ కాళోజీ యూనివర్సిటీ. నంబరులో ఎఫ్ఎంఆర్ అనే అక్షరాలు కనిపించినా కంగారుపడొద్దు. రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్ల పద్ధతిలో అలా రాస్తారు, అది డాక్టరు మీద మచ్చ కాదు. రష్యా, చైనా, ఫిలిప్పీన్స్‌లో ఎంబీబీఎస్ చేసినవాళ్లయితే ఇక్కడ ఎఫ్ఎంజీఈ అనే అర్హత పరీక్ష పాసైతేనే రిజిస్ట్రేషన్ వస్తుంది, ఆ పరీక్ష చాలా కష్టం, పాసైనవాళ్లని తేలిగ్గా తీసుకోకండి.

పీజీ వివరం కనిపించకపోవడం కూడా మామూలే. ఎండీ అయ్యాక దాన్ని కౌన్సిల్‌లో విడిగా నమోదు చేయించుకోవాలి, చేయించుకున్నా పైన చెప్పిన ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లోకి ఎక్కడానికి టైం పడుతుంది. అప్పుడు రాష్ట్ర కౌన్సిల్‌నే అడగాలి. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది కాబట్టి, అది ఇప్పుడు చెల్లుతుందా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, నాకు డిగ్రీ కంటే ఇదే ముఖ్యం. ఆ డాక్టరు ఎక్కడ, ఏ హోదాలో, ఏ టైములో ఉంటారు? ఎమర్జెన్సీ డాక్టరు మిగతావాళ్లలాగా ఓపీ పెట్టుకుని కూర్చునే మనిషి కాదు, షిఫ్టుల్లో పనిచేస్తారు. ఆసుపత్రి వెబ్‌సైటులో హెడ్ ఫొటో చూసి మనం వెళ్తాం, మనకి దొరికేది ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్లు. అందుకని ఫలానా డాక్టరు బాగా చూస్తారట అనేది ఎమర్జెన్సీలో సగమే పనికొస్తుంది. మామూలు రోజున రిసెప్షన్‌కి కాదు, ఎమర్జెన్సీ కౌంటరుకి వెళ్లి, రద్దీ లేనప్పుడు మర్యాదగా అడగండి. రాత్రిపూట కన్సల్టెంట్ ఆసుపత్రిలోనే ఉంటారా, ఫోన్‌లో ఉంటారా? హెడ్ ఇక్కడ ఫుల్‌టైమా, విజిటింగా? క్యాత్ ల్యాబ్ (గుండె రక్తనాళాల్లో అడ్డు చూసి తీసే గది) అర్ధరాత్రి తెరుస్తారా, కార్డియాలజిస్టు ఎంతసేపట్లో వస్తారు? సీటీ స్కాన్ లోపలే ఉందా? నేను అడిగిన ఒక చోట సిస్టరు ఎవరికి ఎప్పుడు డ్యూటీయో రాసిన రోస్టరు కాగితమే చూపించారు. ఇంకో చోట "అవన్నీ ఎందుకండీ మీకు" అన్నారు. రెండో చోటిని మా లిస్టులోంచి తీసేశాం.

బయటివాళ్లకి అంతగా తెలియని కిటుకు ఒకటుంది. ఏ ఆసుపత్రిలో ఏ సబ్జెక్టుకి డీఎన్‌బీ సీట్లున్నాయో నేషనల్ బోర్డ్ వెబ్‌సైటులో చూడొచ్చు. ఎమర్జెన్సీ మెడిసిన్‌లో సీట్లున్నాయంటే అక్కడ నేర్పే సీనియర్లు ఉన్నారని, రాత్రీపగలూ రెసిడెంట్లు తిరుగుతుంటారని అర్థం. హైదరాబాద్ నిమ్స్ లాంటి బోధనాసుపత్రుల గురించి కూడా ఇదే మాట. కుర్ర డాక్టర్లే చూస్తారని జనం విసుక్కుంటారు గానీ, వెనకాల అడగడానికి మనిషి ఉన్న కుర్ర డాక్టరు ఒంటరిగా కూర్చున్న డాక్టరు కంటే నయం, నా నమ్మకం అది. 108 వాళ్లని కూడా కదిపి చూడండి. 2005 ఆగస్టు 15న మన దగ్గర మొదలైన ఈ సర్వీసులో బండిలో వచ్చే ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) డాక్టరు కాకపోయినా, మీ ప్రాంతంలో రాత్రిపూట నిజంగా పేషెంటుని చేర్చుకునే ఆసుపత్రి ఏదో వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నల విషయంలో ఈ అఫిలియేషన్, అంటే డాక్టరు ఏ సంస్థ మనిషి అనేది ఇంకా పెద్ద విషయం. అక్కడ ఎమర్జెన్సీ డాక్టరు చాలాసార్లు ఆసుపత్రి ఉద్యోగి కాదు, ఒక డాక్టర్ల గ్రూపు మనిషి, ఆ గ్రూపుకి ఆసుపత్రితో కాంట్రాక్టు. అందుకే ఆసుపత్రి బిల్లు ఒకటి, డాక్టరు బిల్లు ఇంకోటి విడివిడిగా ఇంటికొస్తాయి. 2022 జనవరి 1 నుంచి నో సర్‌ప్రైజెస్ చట్టం వచ్చాక, అక్కడి మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకి ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి (ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం లేని) డాక్టరు చూసినా అదనపు బిల్లు వెయ్యకూడదు. మనవాళ్లు కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌కి ఆ రక్షణ ఉంటుందని అనుకోకండి, పాలసీ చదివించుకోండి. డాక్టరు వివరాలకి ఆ రాష్ట్ర మెడికల్ బోర్డు సైటులో లైసెన్సు, అక్కడి డాక్టర్లకి ఇచ్చే గుర్తింపు నంబర్ల జాబితా అయిన ఎన్‌పీఐ రిజిస్ట్రీలో పదంకెల నంబరుతో పనిచేసే చోటి అడ్రసు చూడొచ్చు, బోర్డ్ సర్టిఫికేషన్ (స్పెషాలిటీలో పరీక్ష పాసైన గుర్తింపు) కూడా విడిగా చూసుకోవచ్చు. పేరు పక్కన ఎండీ బదులు డీఓ అని ఉంటే గాభరాపడొద్దు, అక్కడ అది పూర్తి స్థాయి డాక్టరు డిగ్రీనే.

చూపించుకున్నాక చెయ్యాల్సిన పని ఒకటుంది, మేము చెయ్యనిది. డిశ్చార్జ్ రోజు కాగితం చేతికిచ్చినప్పుడు అక్కడే నిలబడి చదవండి. మొదట చూసిన డాక్టరు పేరు, నంబరు, మొదటి ఈసీజీ టైము, ఇచ్చిన మందులు లేకపోతే రాసిమ్మనండి. స్టాంపు అలుక్కుపోతే ఇంకోసారి వేయమనండి. రికార్డులు కావాలని రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని పైన చెప్పిన 2002 నియమాల్లోనే ఉంది. మూడేళ్ల వరకూ వాళ్లు దాచాలి. ఆ తర్వాత వెళ్తే లేవంటారు, మేము వెళ్లింది అప్పుడే. నంబరు తప్పని తేలినా, లేని డిగ్రీ రాసుకున్నారని అనిపించినా, ఆసుపత్రిలో గొడవపడకుండా ఆ కాగితం కాపీతో రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు రాయండి.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంది. గుండెకి ఏ ఆసుపత్రి, పక్షవాతానికి ఏది, ఎంత దూరం, ఎమర్జెన్సీ కౌంటరు ఫోను నంబరు, నాన్న వేసుకునే మందులు. డాక్టర్లు చోట్లు మారుతుంటారు కాబట్టి ప్రతి సంక్రాంతికి దాన్ని కొత్తగా రాస్తాం. పోయినసారి ఫోన్లు చేసి కనుక్కుంటే, రాత్రిపూట కన్సల్టెంట్ ఉండే ఒక చోట ఆవిడ వెళ్లిపోయారని, ఇప్పుడున్న కన్సల్టెంట్ రాత్రిపూట ఫోన్‌లోనే అందుబాటులో ఉంటారని చెప్పారు. అమ్మ పెన్ను తీసుకుని ఆ లైను కొట్టేసి, కింద రెండోదాన్ని పైన రాసింది.