వరి బెట్టకొచ్చినప్పుడు వృద్ధి ప్రేరకాలు ఎలా వాడాలి?

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఏ మందూ నీటికి బదులు కాదు. నేల లోతుగా నెర్రెలిచ్చి, తెల్లవారినా ఆకులు చుట్టుకునే ఉంటే అప్పుడు ఏది కొట్టినా దండగే. కొద్ది రోజుల ఎద్దడిని పైరు తట్టుకోవడానికి, తడి అందగానే త్వరగా తేరుకోవడానికి వృద్ధి ప్రేరకాలు, అంటే మొక్క ఎదుగుదలను ప్రభావితం చేసే మందులు, సాయపడతాయి. వాటిని ఆ మేరకే నమ్మండి.

మొదట దశ గుర్తించండి

మందు ఎంపిక కంటే ఇదే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. పిలకల దశలో బెట్టకొస్తే, తర్వాత నీరు అందినప్పుడు వరి ఆ లోటును కొంత పూడ్చుకుంటుంది. చిరుపొట్ట (పిలక లోపల కంకి ఏర్పడటం మొదలయ్యే దశ) నుంచి పూత ముగిసేదాకా ఆ వెసులుబాటు ఉండదు. వేర్ల దగ్గర తడి తగ్గగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి, ఆకుల్లోని పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీరు ఆవిరవడం తగ్గుతుంది గానీ, ఆహారం తయారవడం కూడా తగ్గిపోతుంది. పుప్పొడికి చక్కెరలు చాలక అది పనికిరాకుండా పోతుంది. కంకి కూడా పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు. అలా తాలైన గింజను తర్వాత ఏ మందూ నింపలేదు.

అందుకే పిచికారీ పూతకు ముందే జరగాలి. కోతకు సుమారు 65 రోజుల ముందు చిరుపొట్ట మొదలవుతుంది. అంటే 120 రోజుల రకంలో విత్తిన 55వ రోజు ప్రాంతం, 135 రోజుల రకంలో 70వ రోజు ప్రాంతం. నమ్మకం కుదరకపోతే ప్రధాన పిలకను మొదలు దగ్గర నిలువుగా చీల్చి చూడండి. లోపల తెల్లని దూదిమొనలాంటి చిన్న కంకి కనబడితే దశ వచ్చినట్టే.

విత్తనం దగ్గరే ఒక జాగ్రత్త

పొడి దుక్కిలో నేరుగా వెదజల్లేవారికి ఇది బాగా పనికొస్తుంది. లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కలిపి, కిలో విత్తనానికి లీటరు ద్రావణం చొప్పున 16 గంటలు నానబెట్టండి. తర్వాత నీడలో మళ్లీ మామూలు తేమకు వచ్చేదాకా ఆరబెట్టి విత్తండి. మొలక రానివ్వకూడదు. మొలకెత్తిన గింజను పొడి నేలలో వేస్తే చచ్చిపోతుంది.

పిచికారీకి ఏది ఎంచుకోవాలి?

నన్నడిగితే పొటాష్‌తోనే మొదలుపెట్టమంటాను. అది హార్మోను కాదు, పొటాషియం ఇచ్చే ఎరువే. కానీ పత్రరంధ్రాలు తెరుచుకోవడం, మూసుకోవడం పొటాషియం చేతిలోనే ఉంటుంది, పైగా చవక. లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ (సంచి మీద 13-0-45 అని ఉంటుంది) గానీ, అంతే మోతాదులో తెల్ల పొటాషియం క్లోరైడ్ గానీ వాడవచ్చు. ఎర్ర పొటాష్‌లో కరగని మట్టి ఉంటుంది, నాజిల్ మూసుకుపోతుంది. ఎకరాకు 200 లీటర్ల నీరు పడితే మందు 2 కిలోలు అవుతుంది. చిరుపొట్టలో ఒకసారి, పొట్ట దశ చివర మరోసారి కొట్టండి.

రెండోది సాలిసిలిక్ ఆమ్లం, మొక్కకు ఎద్దడిని తట్టుకునే శక్తినిచ్చే పదార్థం. లీటరుకు 100 మిల్లీగ్రాములు, అంటే 200 లీటర్లకు 20 గ్రాములే. చల్లని నీటిలో సరిగా కరగదు కాబట్టి ముందు కొద్దిగా ఆల్కహాల్‌లో కరిగించి, తర్వాత నీటిలో పోయండి. కంటి అంచనాతో వేయకండి, తూకం వేయండి. మోతాదు మించితే ఆకులు మాడతాయి.

సముద్రపు నాచు సారం, మొక్క హార్మోను రకమైన బ్రాసినోలైడ్‌లాంటివి కూడా దొరుకుతాయి. ఒక్కో తయారీలో గాఢత ఒక్కోలా ఉంటుంది కాబట్టి డబ్బా మీద రాసిన మోతాదే ప్రమాణం. జిబ్బరెల్లిన్ అనే హార్మోనును మాత్రం సొంతంగా వాడకండి. కాడ సాగి పైరు పడిపోయే ప్రమాదం ఉంది.

కొట్టే వేళ

మధ్యాహ్నం వద్దు. అప్పుడు ఆకులు చుట్టుకుని ఉంటాయి, చుక్క నిలిచేలోపే ఆరిపోతుంది. ఉదయాన్నే గానీ, ఎండ తగ్గాక సాయంత్రం గానీ కొట్టండి. పూత వచ్చేసి ఉంటే సాయంత్రమే మంచిది, ఎందుకంటే వరి పూలు ఎక్కువగా ఉదయం 9 నుంచి మధ్యాహ్నంలోపు విచ్చుకుంటాయి. మూడు నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలిపే అలవాటు మానండి. రెండు కలపాల్సి వస్తే ముందు ఒక సీసాలో కలిపి, విరుగుతుందేమో చూడండి.

ఎండిన నేలలో యూరియా చల్లకండి, తడి అందాక వేసుకోండి. ఉన్న కాస్త నీటిని పూతకు ముందు వారం, తర్వాత వారం కోసం దాచుకోండి. పిచికారీ చేసినా ఆ రెండు వారాల తడి లేకపోతే ఫలితం దక్కదు.

పని చేసిందో లేదో తేల్చుకోండి

మడిలో ఒక పట్టీని మందు కొట్టకుండా వదిలేసి కర్రలు పాతండి. కోత ముందు అందులోంచి పది కంకులు, కొట్టిన చోట పది కంకులు కోసి, గట్టి గింజలు, తాలు విడివిడిగా లెక్కపెట్టండి. తాలులో తేడా లేకపోతే ఎప్పుడు కొట్టారో, ఎంత కలిపారో ఒకసారి సరిచూసుకోండి. అవి సరిగానే ఉంటే వచ్చే పంటకు ఆ మందు ఖర్చు మానేయండి.