గోదావరి లంకల్లో (నది పాయల మధ్య దీవుల్లో) వరద తీశాక ఉచిత వైద్య శిబిరం పెట్టడం ఎలా

తేదీ ఖరారు చేసేముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ రోజు మీ దగ్గర బీపీ మాత్రలు తీసుకున్న పెద్దాయనకి ముప్ఫై ఒకటో రోజు మాత్ర ఎవరిస్తారు? జవాబు లేకపోతే శిబిరం వాయిదా వేయండి. నెల రోజుల మాత్రలు చేతిలో పెట్టి పడవెక్కేస్తే, అవి అయిపోగానే "నాకు తగ్గిపోయింది" అనుకుని మానేస్తాడు. బీపీ ఎక్కడికీ పోదు.

కాబట్టి మొదటి ప్రయాణం లంకకి కాదు, ఆ లంక ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కిందకొస్తుందో అక్కడికి. వైద్యాధికారిని కలిసి, బీపీకి, షుగరుకి అక్కడ ఏయే మాత్రలు ఎప్పుడూ దొరుకుతున్నాయో రాసుకోండి. మీరు కొనేవి కూడా అవే అవ్వాలి. అక్కడ బీపీకి ఆమ్లోడిపిన్ 5, షుగరుకి మెట్‌ఫార్మిన్ 500 ఉంటే మీరూ అవే తెండి. దాతలు ఇచ్చారు కదాని రెండు మూడు మందులు కలిపిన ఖరీదైన మాత్ర మొదలుపెడితే, నెల తిరిగాక దాన్ని కొనుక్కునే స్తోమత కూలి మనిషికి ఉండదు. అదే ప్రయాణంలో జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో లెటరు ఇచ్చి అనుమతి తీసుకోండి, ఊరి ఆరోగ్యం చూసే నర్సు ఏఎన్ఎంనీ ఆశా కార్యకర్తనీ కలవండి. ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉందో, ఎవరు టీబీ మందులు వాడుతున్నారో, ఎవరి ఇన్సులిన్ వరదలో కొట్టుకుపోయిందో వాళ్ళకి తెలిసినంతగా మీ డాక్టర్లకి తెలియదు.

ఎప్పుడు వెళ్ళాలి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ మట్టాల్లో బ్యారేజీ నుంచి వదిలే నీరు వరసగా సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. మొదటి హెచ్చరిక ఎత్తేశాక కూడా పాయల్లో ఒరవడి ఉంటుంది. అందుకని ఏ రోజు దాటొచ్చో రేవులో పడవ నడిపే సరంగుని అడగండి, ఆయన వద్దంటే వద్దు. లైఫ్ జాకెట్ లేకుండా డాక్టర్నైనా ఎక్కించకండి. చీకటి పడకముందే తిరిగి ఇవతలి గట్టున ఉండాలి.

ఒక్క శిబిరంతో పని అవ్వదు, ఎందుకంటే జబ్బులన్నీ ఒకేసారి రావు. నీరు తీసిన మొదటి వారంలో వచ్చేవి విరేచనాలు, మేకులూ రేకులూ గుచ్చుకున్న గాయాలు, పాముకాట్లు, కాలివేళ్ళ మధ్య పాసిన చర్మం, మందులు ఆగిపోయిన బీపీ షుగరు మనుషులు. జ్వరాలు తర్వాత వస్తాయి. నిలవ నీటిలో దోమ పెరగడానికే వారం పైగా పడుతుంది. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలో నడిచినవాళ్ళకి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం బయటపడటానికి మామూలుగా ఐదు నుంచి పద్నాలుగు రోజులు. అందుకని నీరు తీసిన మూడు నాలుగు రోజులకి ఒకటి, పన్నెండు పదిహేను రోజులకి రెండోది, మొదటి దానికి నెల నిండేలోగా మూడోది.

వేళ కూడా చూసుకోవాలి. సార్వా నాట్లు మళ్ళీ వేస్తున్న ఊళ్ళో ఉదయం పదింటికి శిబిరం తెరిస్తే వచ్చేది ముసలివాళ్ళే. ఆడకూలీలు ఆరింటికే చేలోకి దిగుతారు. అలాంటి చోట మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర మేలు.

చోటు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. గుడి అరుగు విశాలంగా ఉందని అక్కడ బల్లలు వేస్తే దళితుల పేట నుంచి సగం మంది రారు, ఎందుకు రాలేదో నోరు తెరిచి చెప్పరు కూడా. బడి గానీ తుఫాను షెల్టరు గానీ మంచిది. ముందురోజు సాయంత్రం మైకు ప్రచారం పేటలోంచి మొదలుపెట్టండి.

మనుషులు, లెక్కలు

ఒక డాక్టరు నాలుగు గంటల్లో, మనిషికి నాలుగు నిమిషాల చొప్పున, అరవై మందిని చూడగలరు. అంతకు మించితే అది వైద్యం కాదు, మాత్రల పంపకం. నూట ఎనభై మంది వస్తారనుకుంటే ముగ్గురు డాక్టర్లు (ఒకరు పిల్లల డాక్టరైతే సగం బరువు తగ్గుతుంది), ఇద్దరు నర్సులు, ఒక ఫార్మసిస్టు, పేర్లు రాయడానికి ఇద్దరు, మందులు అందించడానికి ఇద్దరు కావాలి. వీళ్ళు కాక వరస చూసుకోవడానికి ఊరివాడే ఒకడు, అందరినీ పేరుపెట్టి పిలవగలిగినవాడు.

ఆ నూట ఎనభై మందికి సరిపోయే మందులు: పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు 1,000. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్లు 200. జింక్ 20 మిల్లీగ్రాముల మాత్రలు ముప్ఫై మంది పిల్లలకి పద్నాలుగు రోజుల చొప్పున 420. దురదకి సెట్రిజిన్ మాత్రలు 300. తామరకి క్లోట్రిమజోల్ క్రీము 60 ట్యూబులు. గాయాలకి పోవిడోన్ అయోడిన్, గాజ్ (గాయం మీద వేసే పల్చటి గుడ్డ), బ్యాండేజీ నలభై కట్లకి సరిపడా. టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా మాత్రం మీరు కొనకండి, ఏఎన్ఎం తన వ్యాక్సిన్ క్యారియర్‌లో తెస్తుంది. బీపీ, షుగరు మాత్రలు మనిషికి ముప్ఫై రోజుల చొప్పున కనీసం నలభై మందికి ఉండాలి.

గజ్జి మందు లెక్క వేరు. పర్మెత్రిన్ 5 శాతం క్రీము రోగుల లెక్కన కాదు, ఇళ్ళ లెక్కన కొనాలి. ఇంట్లో ఒక్కరికి ఉన్నా అందరూ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ళ దాకా రాసుకుని, పొద్దున్న స్నానం చెయ్యాలి, వారం తర్వాత మళ్ళీ రాయాలి. నలుగురున్న ఇంటికి 30 గ్రాముల ట్యూబులు ఒక విడతకి మూడు, మొత్తం ఆరు. గోకుతున్న పిల్లాడికొక్కడికే ట్యూబిచ్చి పంపితే పది రోజుల్లో మళ్ళీ వస్తాడు, తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని. తామరకి స్టెరాయిడ్ కలిపిన క్రీములు ఎవరైనా దానమిచ్చినా తీసుకోకండి. రెండ్రోజులు దురద ఆగుతుంది, తర్వాత మచ్చ ఒళ్ళంతా పాకుతుంది.

బీ-కాంప్లెక్స్, టానిక్కుల మీద డబ్బు పోయకండి. ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ కూడా పంచిపెట్టే మందు కాదు. బీపీ, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్ళకి అది చేటు. "ఓ సూదేసి పంపండి డాక్టరుగారూ", "గ్లూకోజు ఎక్కించండి" అని చాలామంది అడుగుతారు. శిబిరానికి సెలైన్ సీసాలు ఒకటి రెండు చాలు, అవి నిజంగా పడిపోయినవాళ్ళకి.

మందుల పెట్టెలు మూతబిగిసే ప్లాస్టిక్‌వే వాడండి, ఒక్కోటి పదిహేను కిలోలు మించనివ్వకండి. రేవు నుంచి ఊళ్ళోకి ఇసుకలో తలమీదే మోయాలి.

బల్లల వరస

యుద్ధంలో గాయపడ్డ సైనికుల్ని ముందు ఎవర్ని చూడాలో ఏరడం నుంచి పుట్టిన పద్ధతి ఒకటుంది. లంకలోనూ అదే పనికొస్తుంది. తలుపు తెరవకముందే ఒక నర్సు వరస పొడవునా నడవాలి. కళ్ళు పీక్కుపోయి పాలు తాగని బిడ్డ, ఎగశ్వాస, ఛాతీ నొప్పి, కాళ్ళు వాచి తలనొప్పంటున్న గర్భిణి, పాముకాటు, జ్వరంతో కళ్ళు పచ్చబడ్డవాళ్ళు: వీళ్ళు వరసలో ఉండకూడదు, నేరుగా డాక్టరు దగ్గరికే.

తర్వాత బీపీ బల్ల. ఎండలో ఏటిగట్టు మీద నడిచొచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుడితే అంకె ఎక్కువే వస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఆనించండి. బిగుతు జాకెట్టు చెయ్యి పైకి లాగి దాని కింద పట్టీ కట్టడం రోజూ జరిగే తప్పు. ఆ ముడత రబ్బరు బ్యాండులా నొక్కేసి అంకెను పాడుచేస్తుంది. చాటుకి ఒక చీర కట్టి, చెయ్యి బయటికి తీయించి చూడండి. 140/90 దాటితే కాస్సేపాగి రెండోసారి చూడాలి.

షుగరు బల్ల దగ్గర ఒక బకెట్టు నీళ్ళు, సబ్బు తప్పనిసరి. స్పిరిటు చాలదు. అరటిపండో బెల్లమో పట్టుకున్న వేలిమీద చుక్క తీస్తే, మామూలు మనిషికి కూడా 250 చూపించొచ్చు. కడిగి, పూర్తిగా తుడిచి, మొదటి చుక్క దూదితో తీసేసి రెండో చుక్క పెట్టండి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేస్తే ఈ చెమ్మకి మధ్యాహ్నానికే తేడా చూపిస్తాయి. 70 కంటే తక్కువొస్తే అక్కడికక్కడే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ చూడాలి. ఒక సూది ఒక మనిషికే. వాడిన సూదులు గట్టి డబ్బాలో వేసి ఆరోగ్య కేంద్రానికి తిరిగివ్వండి, ఊళ్ళో పూడ్చకండి.

డాక్టర్లు మర్చిపోకుండా బల్లమీద అంటించాల్సిన ముక్క ఒకటి: విరేచనాలతో నీరసపడ్డ మనిషి మెట్‌ఫార్మిన్‌గానీ బీపీ మాత్ర టెల్మిసార్టన్‌గానీ వేసుకుంటున్నాడేమో అడగాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటిని తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. గర్భిణులకి టెల్మిసార్టన్, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వకూడదు.

మందుల బల్ల దగ్గర మాత్రలు కత్తిరించేటప్పుడు పేరూ గడువూ ఉన్న ముక్క పోకుండా చూడండి. చదువురాని వాళ్ళకి కవరుమీద సూర్యుడు, చంద్రుడు గీస్తే చాలు.

ఓఆర్ఎస్ ఊరికే ఇవ్వకండి, కలిపి చూపించండి. గ్లాసుడు నీళ్ళలో ప్యాకెట్టంతా పోసేసేవాళ్ళు చాలామంది. అది బిడ్డకి ఉప్పెక్కువై ప్రమాదం. లీటరు బాటిల్ తెచ్చి, వడగట్టి కాచి చల్లార్చిన నీళ్ళు నింపి, మొత్తం ప్యాకెట్టు వేసి ఊపి, తల్లిచేత రుచి చూపించండి. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు. రెండేళ్ళలోపు బిడ్డకి విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్ళ దాకా 100 నుంచి 200, చెంచాతో మెల్లగా. ఇరవైనాలుగు గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరుకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి. కిళ్ళీ కొట్టులో దొరికే తియ్యటి పళ్ళరసం డబ్బాలు దీనికి బదులు కావు. పిల్లలకి జింక్ ఆరు నెలలు దాటితే రోజుకి 20, లోపైతే 10 మిల్లీగ్రాములు, విరేచనాలు ఆగినా పద్నాలుగు రోజులూ వేయాలి.

ఫ్రిజ్ పాడైన ఇంట్లో ఇన్సులిన్ ఉంటే: చిన్న కుండలో సీసా పెట్టి, దాన్ని తడి ఇసుక ఉన్న పెద్ద కుండలో నిలిపి, తడిగుడ్డ కప్పి నీడలో ఉంచమనండి. తెరిచిన సీసా అలా నాలుగు వారాలు వస్తుంది. ఐసు గడ్డకి ఆనించొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచెయ్యదు.

నూతి నీళ్ళు

డాక్టర్లు లోపల ఉండగా ఇద్దరు కుర్రాళ్ళని నూతుల మీదకి పంపండి. నూతి వ్యాసం 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లైతే దాదాపు 9,400 లీటర్లు. మంచి బ్లీచింగ్ పొడి వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములు, అంటే ఈ నూతికి 24 గ్రాములు. వరద నీరు దిగిన నూతికి కనీసం రెట్టింపు. బకెట్టులో కలిపి పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేటే పోయాలి, సున్నం అడుగున వదిలేయాలి. గంటాగి క్లోరోస్కోపుతో (నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూసే పరికరం) చూస్తే పసుపు రంగు కనపడాలి. కనపడకపోతే మళ్ళీ కలపండి. మూటవిప్పి నెలైన పొడిలో సత్తువ ఉండదు, కొత్త మూటే వాడండి.

పాముకాటు వస్తే

కట్టు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి. కరిచిన చెయ్యో కాలో కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా పడవలోకి మోయండి. 108 అంబులెన్సు రేవు అవతలి గట్టు దాకానే రాగలదు కాబట్టి శిబిరం నడిచినంతసేపూ ఒక పడవ ఖాళీగా కట్టి ఉంచాలి. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో ఆ ఉదయమే ఫోను చేసి కనుక్కోండి. కట్లపాము కాటుకి నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. "ఏదో కుట్టింది, ఏంలేదు" అన్న మనిషిని కూడా పంపాల్సిందే.

సాయంత్రం పని

పడవెక్కేముందు రోగుల చీటీలన్నీ మూడు కట్టలు చేయండి: ఈ రాత్రికే ఆసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళు, వారంలోగా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాల్సినవాళ్ళు, నెలకోసారి మాత్రలు కావాల్సినవాళ్ళు. మొదటి కట్టలోవాళ్ళకి అమలాపురం గానీ కాకినాడ గానీ వెళ్ళడానికి దారి ఖర్చులు, తోడు మనిషి ఖర్చులతో సహా, మీ సొమ్ములోంచే ఇవ్వండి. బస్సు డబ్బుల్లేకే చాలామంది రిఫరల్ చీటీ మడిచి చూరులో పెడతారు. కంట్లో శుక్లం ఉన్నవాళ్ళ పేర్లు రాసుకోండి చాలు, ఆపరేషను ఆసుపత్రిలోనే జరగాలి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు తడిసి పాడైనవాళ్ళని సచివాలయానికి పంపండి.

మూడో కట్ట నకలు ఆ సాయంత్రమే ఏఎన్ఎం చేతికివ్వాలి, వాట్సాప్‌లో కాదు, కాగితం మీద. నెలకి మళ్ళీ వెళ్ళేటప్పుడు కొత్త రిజిస్టరు తెరవకండి. పాతదే తీసుకెళ్ళి, మొదటి పేజీ నుంచి పేరు పేరునా పిలవండి. రానివాళ్ళ ఇంటికి ఆశా కార్యకర్తతో కలిసి నడిచి వెళ్ళండి, కవరులో ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టండి.