ట్రేడ్‌లో గెలిచిందెవరు? – 4వ పాఠం: పిక్ తోకను ఎక్కడిదాకా పట్టుకోవాలి

గత పాఠంలో ఇచ్చిన లెక్క సరిచూసుకుని ముందుకెళ్దాం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్.లో జట్లు ఏటా కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునేదే డ్రాఫ్టు, అందులో ఒక్కో వంతు ఒక పిక్. 2022 డ్రాఫ్టులో డెట్రాయిట్ లయన్స్ 32, 34, 66 పిక్కులను మిన్నెసోటా వైకింగ్స్‌కి ఇచ్చి 12, 46 పిక్కులు తెచ్చుకుంది. ఒక్కో పిక్‌కి ఇన్ని పాయింట్లని విలువ కట్టే జిమ్మీ జాన్సన్ చార్టు ప్రకారం ఎవరికి లాభం అన్నది ప్రశ్న.

ఇచ్చినవి 590, 560, 260. మొత్తం 1410. వచ్చినవి 1200, 440. మొత్తం 1640. లయన్స్‌కి 230 పాయింట్లు మిగిలాయి. అదే చార్టులో అది 72వ పిక్ విలువ, అంటే మూడో రౌండు పిక్ ఒకటి ఊరికే వచ్చినట్టు. డ్రాఫ్టులో పైకి ఎక్కాలనుకునేవాడు మామూలుగా నాలుగు రాళ్ళు ఎక్కువే ఇచ్చుకోవాలి. ఇక్కడ ఎక్కినవాడికే చిల్లర తిరిగొచ్చింది. అదీ ఒకే డివిజన్‌లో ఉండి ఏటా రెండుసార్లు తలపడే జట్టు చేతి నుంచి!

మీకు 230 వచ్చి ఉంటే లెక్క కరెక్టే. కానీ ఈ చార్టు 1990ల మొదట్లో డాలస్ కౌబాయ్స్ ఆఫీసులో పుట్టిందని మరిచిపోకండి. తర్వాత వచ్చిన చార్టుల్లో పై పిక్కులకీ కింది పిక్కులకీ మధ్య తేడా ఇంత నిటారుగా ఉండదు. వాటితో వేస్తే ఈ మిగులు కరిగిపోతుంది, ఫలితం తారుమారు కూడా కావచ్చు. అందుకే వాదనకి దిగేముందు ఏ చార్టుతో కొలుస్తున్నారో ఇద్దరూ ఒప్పుకోవాలి.

ఇంతకీ లయన్స్ చేతికి ఆ 32వ పిక్ ఎలా వచ్చింది? అది వాళ్ళ సొంతం కాదు, లాస్ ఏంజెలిస్ రామ్స్‌ది. ఈ పాఠం దాని గురించే.

కేసు

2021 జనవరి చివర్లో రెండు జట్లూ క్వార్టర్‌బ్యాక్‌లను (బంతి విసురుతూ దాడి నడిపే ఆటగాళ్ళను) మార్చుకోవడానికి ఒప్పుకున్నాయి. మాథ్యూ స్టాఫర్డ్ రామ్స్‌కి వెళ్ళాడు. బదులుగా లయన్స్‌కి జారెడ్ గాఫ్, 2021 మూడో రౌండు పిక్, 2022, 2023 సంవత్సరాల మొదటి రౌండు పిక్కులు వచ్చాయి. ఇద్దరూ తమతమ డ్రాఫ్టుల్లో మొట్టమొదటి పిక్‌గా ఎంపికైనవాళ్ళే: స్టాఫర్డ్ 2009లో, గాఫ్ 2016లో. స్టాఫర్డ్ డెట్రాయిట్‌లో 12 సీజన్లు ఆడి ఒక్క ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్ కూడా గెలవలేదు. గాఫ్ అప్పటికే రామ్స్‌ని ఒక సూపర్ బౌల్‌కి (లీగ్ ఫైనల్‌కి) చేర్చాడు, కానీ అక్కడ జట్టు మొత్తం కలిపి చేసింది 3 పాయింట్లే.

ఇంకో సంగతి. లయన్స్ తరఫున ఈ బేరం కుదిర్చిన జనరల్ మేనేజర్ బ్రాడ్ హోమ్స్ ఆ పదవిలోకి వచ్చి నెల కూడా కాలేదు. అంతకుముందు ఆయన రామ్స్‌లోనే కాలేజీ స్కౌటింగ్ విభాగానికి అధిపతి. గాఫ్‌ని ఎంపిక చేసినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. అంటే అవతలివాళ్ళు వదిలించుకోవాలని చూస్తున్న సరుకు మంచిచెడ్డలు ఈయనకి బాగా తెలుసు. ఏ ట్రేడ్‌నైనా తూచేటప్పుడు బేరం ఆడినవాళ్ళలో ఎవరికి ఎంత తెలుసు అన్నది ఒకసారి చూడండి. చార్టులో అది కనిపించదు.

తీర్పు తేదీ వేయండి

కాగితం తీసుకుని పైన తేదీ రాయండి. ఇది లేకుండా మొదలైన వాదన తెల్లారినా తేలదు. డెట్రాయిట్ పక్కన నోవై, ట్రాయ్ ఊళ్ళలో మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. వారాంతపు విందుల్లో ఈ ట్రేడ్ మీద జరిగే వాదన ఇలా ఉంటుంది:

"కప్పు కొట్టాక ఇంకా వాదనేంటి బావా?"

"కప్పు సరే. ఆ పిక్కులతో ఎవరొచ్చారో చూశావా?"

ఒకాయన తీర్పు తేదీ 2022, రెండో ఆయనది 2024. ఇద్దరూ ఒప్పే, అసలు ఇద్దరూ ఒకే విషయం మాట్లాడుకోవడం లేదు.

2022 ఫిబ్రవరి 13న తూస్తే రామ్స్ గెలిచింది. స్టాఫర్డ్ వచ్చిన మొదటి సీజన్‌లోనే 41 టచ్‌డౌన్ పాసులు వేశాడు, సొంత స్టేడియంలో సిన్సినాటి బెంగాల్స్‌ని 23–20తో ఓడించి సూపర్ బౌల్ ఎత్తారు. ఆ సీజన్‌లో లయన్స్ గెలిచింది 3 మ్యాచ్‌లు. ఏడాది తిరిగేసరికి, 2023 జనవరి నాటికి, స్టాఫర్డ్ గాయపడి రామ్స్ 5 గెలుపులు, 12 ఓటములతో కుప్పకూలింది. ఇక 2024 జనవరికి వస్తే లయన్స్ 30 ఏళ్ళ తర్వాత డివిజన్ గెలిచి, సూపర్ బౌల్‌కి ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళింది. ట్రేడ్ అదే, మూడు తేదీలకి మూడు తీర్పులు.

ఐపీఎల్ అలవాటున్నవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. 2023 నవంబరులో హార్దిక్ పాండ్యా గుజరాత్ టైటన్స్ నుంచి ముంబై ఇండియన్స్‌కి వచ్చింది డబ్బు మీద. డబ్బు చేతులు మారింది, ఆటగాడు మారాడు, అయిపోయింది. ఎన్.ఎఫ్.ఎల్. జట్లు మామూలుగా ఒకదానికొకటి డబ్బిచ్చి ఆటగాణ్ణి కొనుక్కోవు, ఇంకా పుట్టని పిక్కులను ఇచ్చుకుంటాయి. ఆ పిక్ ఏ నంబరు అవుతుందో బేరం నాటికి ఎవరికీ తెలియదు.

ధర తర్వాత తేలుతుంది

ఈ కేసులో నాకు బాగా నచ్చే చోటు ఇదే. రామ్స్ ఇచ్చినవి "రెండు మొదటి రౌండు పిక్కులు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. కానీ మొదటి రౌండులోనే మొదటి పిక్‌కి 3000 పాయింట్లయితే, 32వ పిక్‌కి 590. అయిదు రెట్ల తేడా.

2021 సీజన్‌లో రామ్స్ కప్పు గెలిచింది కాబట్టి మరుసటి ఏటి పిక్ రౌండులో ఆఖరిది, 32వది అయింది. విలువ 590. 2022లో జట్టు కూలిపోయింది కాబట్టి ఆ తర్వాతి ఏటి పిక్ 6వది అయింది. విలువ 1600. ఆడినంత కాలం ధర తక్కువ, ఓడగానే ధర పెరిగింది. కొన్న ఆటగాడు బాగా ఆడితే అతని కోసం ఇచ్చిన పిక్ చవకవుతుంది. చెడిపోతే దెబ్బ రెండు వైపులా తగులుతుంది, ఆటగాడూ పోతాడు, మంచి పిక్కూ పోతుంది. పేరున్న క్వార్టర్‌బ్యాక్ కోసం రెండేళ్ళ పిక్కులు తాకట్టు పెట్టే జట్టు నిజానికి తన మీద తానే పందెం కాస్తోంది.

రామ్స్‌కి ఇదేమీ కొత్త కాదు. 2016లో గాఫ్‌ని తీసుకున్న తర్వాత మళ్ళీ మొదటి రౌండులో వాళ్ళు ఒక ఆటగాణ్ణి ఎంపిక చేసింది 2024లో, జారెడ్ వర్స్‌ని. మధ్యలో ఏడు డ్రాఫ్టుల్లో మొదటి రౌండు వాళ్ళకి ఖాళీ.

తోక

ఇప్పుడు పిక్కుల వెంట వెళ్దాం. ఒక పిక్ చేతులు మారుతూ పోయే గొలుసే దాని తోక. 2021 మూడో రౌండు పిక్, 101వది, ఇఫియాతు మెలిఫొన్వు అయింది. తోక అక్కడితో ఆగింది. 32వ పిక్ మనం పైన చూసిన వైకింగ్స్ బేరంలో కలిసిపోయి 12వ పిక్‌గా మారింది, దానితో రిసీవర్ జేమ్‌సన్ విలియమ్స్ వచ్చాడు. 6వ పిక్‌ని లయన్స్ వాడలేదు. 81వ పిక్ కూడా కలిపి అరిజోనా కార్డినల్స్‌కి ఇచ్చి 12, 34, 168 తీసుకుంది. 12తో రన్నింగ్ బ్యాక్ జమీర్ గిబ్స్, 34తో టైట్ ఎండ్ సామ్ లపోర్టా. లపోర్టా మొదటి సీజన్‌లోనే 86 క్యాచ్‌లు పట్టి కొత్త టైట్ ఎండ్‌ల రికార్డు కొట్టాడు.

లయన్స్ అభిమాని వెంటనే జాబితా చదివేస్తాడు: గాఫ్, విలియమ్స్, గిబ్స్, లపోర్టా, మెలిఫొన్వు, ఒక్క స్టాఫర్డ్‌కి ఇంతమంది! వినడానికి బాగుంటుంది, లెక్కకి నిలబడదు. సంతలో చూడి గేదెను కొంటే కడుపులో దూడ బేరంలో భాగమే. ఆ దూడ పెరిగి ఈనిన దూడ కూడా పాత బేరం లెక్కలోకే వస్తుందా?

నేను పాటించే పద్ధతి ఇది. కాగితం మీద రెండు గళ్ళు గీయండి. ఒకటి "ట్రేడ్ ఇచ్చింది", రెండోది "జట్టు చేసుకుంది". పిక్‌ని జట్టు నేరుగా వాడితే ఆ నంబరు విలువ మొదటి గడిలో, ఎంచుకున్న ఆటగాడు ఆ నంబరుకి మించి ఆడితే ఆ మిగులు రెండో గడిలో. పిక్‌ని మళ్ళీ మారకం వేస్తే, మారకం రోజున దాని విలువ మొదటి గడిలో వేసి అక్కడితో ఆ ఖాతా మూసెయ్యండి. తర్వాతిది కొత్త ఖాతా.

కార్డినల్స్ బేరంతో పరీక్షిద్దాం. ఇచ్చినవి 1600, 185. మొత్తం 1785. వచ్చినవి 1200, 560, ఆ 168వ పిక్‌కి ఒక పాతిక దాకా. దాదాపు అంతే. అంటే మారకంలో లయన్స్‌కి లాభమూ లేదు నష్టమూ లేదు. రామ్స్ ట్రేడ్ వాళ్ళకి ఇచ్చింది 1600 పాయింట్ల పిక్. ఆ 1600తో గిబ్స్‌నీ లపోర్టానీ వెతికి పట్టుకున్నది హోమ్స్ స్కౌటింగ్. 12వ పిక్‌కి రన్నింగ్ బ్యాక్ ఏంటని ఆ రాత్రి తిట్టినవాళ్ళు తక్కువేం లేరు. తిట్లు హోమ్స్‌కి పడ్డప్పుడు మెచ్చుకోలు కూడా హోమ్స్‌కే చెందాలి, ట్రేడ్‌కి కాదు.

గాఫ్‌ని ఏ గడిలో వేయాలి? ఇది కష్టమైన ప్రశ్న. 2021లో అతనికి మార్కెట్టు విలువ సున్నా కన్నా కిందే అనుకున్నారు. 2019లో రామ్స్ 4 ఏళ్ళకి 13.4 కోట్ల డాలర్ల ఒప్పందం రాసింది, ఆ బరువు వదిలించుకోవడానికే ఒక మొదటి రౌండు పిక్ అదనంగా ఇచ్చిందని అప్పట్లో చాలామంది అన్నారు. అయినా రామ్స్ పుస్తకాల్లో గాఫ్ పేరు మీద 2.2 కోట్ల డాలర్లకు పైగా డెడ్ మనీ (వెళ్ళిపోయిన ఆటగాడి పేరున లెక్కలో ఇంకా ఉండే జీతం) మిగిలింది, ఆ ఏడాది జట్టు మొత్తం శాలరీ క్యాప్ (జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి) 18.25 కోట్లు. అలాంటి గాఫ్, కోచ్ బెన్ జాన్సన్ లయన్స్ అఫెన్స్ (దాడి) పగ్గాలు పట్టాక కుదురుకుని, 2024 మేలో 21.2 కోట్ల కొత్త ఒప్పందం అందుకున్నాడు. నేనైతే గాఫ్‌ని చాలావరకు రెండో గడిలోనే వేస్తాను. మీరు సగం సగం అన్నా గొడవ పడను.

ట్రేడ్ జరగకపోతే?

దీన్ని త్వరగా ముగిద్దాం, 6వ పాఠంలో వివరంగా వస్తుంది. స్టాఫర్డ్ కోసం కారొలైనా పాంథర్స్ 2021 డ్రాఫ్టులోని 8వ పిక్‌నీ, క్వార్టర్‌బ్యాక్ టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్‌నీ ఇవ్వజూపిందని అప్పట్లో వార్తలొచ్చాయి. 8వ పిక్ అంటే 1400 పాయింట్లు, చేతిలో ఉన్నది. లయన్స్ దాన్ని కాదని తర్వాత ఏ నంబరవుతాయో తెలియని రెండు పిక్కుల వైపు మొగ్గింది. చివరికి 590, 1600 కలిపి 2190 వచ్చాయి. ట్రేడ్‌ని ఊరికే "ఇచ్చింది, వచ్చింది" అని కాక, కాదనుకున్న బేరంతో పోల్చి చూడటం మంచి అలవాటు.

ఒక్క మ్యాచ్ తీర్పు కాదు

2024 జనవరి 14. ఫోర్డ్ ఫీల్డ్‌లో ప్లేఆఫ్ మ్యాచ్. ప్రత్యర్థి రామ్స్, క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్. పన్నెండేళ్ళు తమకోసం ఆడినవాణ్ణి చూసి జనం గోల చేశారు, తర్వాత గాఫ్ పేరు జపంలా మొదలైంది. లయన్స్ 24–23తో గెలిచింది, 1992 జనవరి తర్వాత వాళ్ళకి అదే మొదటి ప్లేఆఫ్ విజయం. ఆ రాత్రి "ట్రేడ్ లెక్క తేలిపోయింది" అన్నవాళ్ళు చాలామంది.

స్కోరు పక్కన పెట్టి గణాంకాలు చూడండి. స్టాఫర్డ్ పాసులతో 367 గజాలు, రెండు టచ్‌డౌన్లు. గాఫ్ 277 గజాలు, ఒక టచ్‌డౌన్. ఒక్క ఫీల్డ్ గోల్ అటు పడితే తేలిపోయిందన్న లెక్క మళ్ళీ మొదటికొచ్చేది. ఒక్క పాయింటు తేడాతో తేలిన మ్యాచ్ మీద మూడేళ్ళ ట్రేడ్‌ని తూచకూడదు.

నా తీర్పు అడిగితే, తేదీ 2024 సీజన్ చివర వేసుకుని చెబుతాను: విలువలో లయన్స్‌కే ఎక్కువ వచ్చింది, కానీ ట్రేడ్ గెలిచింది రామ్స్. వాళ్ళు కొనుక్కుందామనుకున్నది సూపర్ బౌల్, అది దొరికింది. ఆ జట్టులోని మిగతా స్టార్లు వాన్ మిల్లర్, కూపర్ కప్‌ల పుణ్యం కూడా అందులో ఉందని తెలుసు. లయన్స్ ఎంత ఎదిగినా ఇప్పటిదాకా సూపర్ బౌల్ ఆడలేదు. పైగా ఆ ఎదుగుదలలో ఎక్కువ భాగం రెండో గడిలోనే ఉంది.

అభ్యాసం

2018 సెప్టెంబరు 1న రెయిడర్స్ జట్టు ఖలీల్ మాక్‌ని షికాగో బేర్స్‌కి ఇచ్చింది. మాక్‌తో పాటు బేర్స్‌కి 2020 రెండో రౌండు పిక్, చివరి రౌండ్ల పిక్ ఒకటి వెళ్ళాయి. రెయిడర్స్‌కి 2019, 2020 మొదటి రౌండు పిక్కులు, 2020 మూడో రౌండు పిక్, 2019 ఆరో రౌండు పిక్ వచ్చాయి. ముఖ్యమైనవి ఇలా తేలాయి: రెయిడర్స్ 24వ పిక్‌తో జాష్ జేకబ్స్, 19తో డేమన్ ఆర్నెట్, 81తో బ్రయన్ ఎడ్వర్డ్స్. బేర్స్ 43తో కోల్ కమెట్. మాక్ రాగానే బేర్స్ 6 ఏళ్ళకి 14.1 కోట్ల డాలర్ల ఒప్పందం రాసింది, ఆ సీజన్‌లో 12–4తో ప్లేఆఫ్‌కి వెళ్ళి మొదటి మ్యాచ్‌లో 16–15తో ఓడింది. ఆర్నెట్‌ని రెయిడర్స్ 2021 సీజన్ మధ్యలోనే జట్టులోంచి తీసేసింది.

రెండు గళ్ళు గీసి నింపండి. తేదీలు రెండు వేయండి: 2019 జనవరి, 2022 జనవరి. ఆర్నెట్ దగ్గర ఆగి ఆలోచించండి: గిబ్స్ ఘనత హోమ్స్‌దే అన్నాం కదా, మరి ఆర్నెట్ తప్పు ఏ గడిలోకి వెళ్తుంది? మాక్ ఒప్పందం ఖర్చు బేర్స్ ఖాతాలో ఎక్కడ రాశారో కూడా గుర్తుపెట్టుకోండి. 5వ పాఠం శాలరీ క్యాప్ మీద, అందులో మొదటి పని ఆ అంకెను విడదీయడమే.